పాత జిప్సీని ఇంట్లోనే బాగుచేసుకోవాలంటే పని ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. 1998 మారుతి జిప్సీ కింగ్, సాఫ్ట్ టాప్ (గుడ్డ కప్పు), కార్బురేటర్ బండి కొన్నారు. కొన్నేళ్లుగా షెడ్డులో కదలకుండా నిలబడి ఉంది. ఇంజిన్ పొగ కొడుతుందని అమ్మినాయన చెప్పాడు. 60 దాటితే స్టీరింగ్ వణుకుతుంది, ఫోర్-లో (4L, నాలుగు చక్రాలకీ తక్కువ గేరులో శక్తి పోయే స్థానం) వేస్తే లివర్ జారి న్యూట్రల్లోకి వచ్చేస్తుంది. బాడీ దించేసి, బండి మొత్తం విప్పి, ఇంజిన్‌తో మొదలుపెట్టి అన్నీ కొత్తగా చేద్దామని మీ ఆలోచన. కార్బురేటర్ ఇంజిన్ బదులు ఎంపీఎఫ్ఐ (పెట్రోలుని ఇంజెక్టర్లతో చిమ్మే) ఇంజిన్ పెట్టొచ్చా అని కూడా అడిగారు.

ముందు ఒక్క మాట గట్టిగా చెబుతాను. బండిని ఒకేసారి మొత్తం విప్పకండి. ఇంట్లో మొదలుపెట్టిన పాత బండ్లు మధ్యలో ఆగిపోవడానికి నేను చూసిన అతి పెద్ద కారణం పని రాకపోవడం కాదు, అన్నీ ఒకేసారి విప్పేయడం. ఆర్నెల్లయ్యాక ఏ బోల్టు ఎక్కడిదో గుర్తుండదు, ఏ భాగం బాగుందో ఏది పోయిందో తెలియదు, బండిని పక్కకి జరపాలన్నా వీలుండదు. చివరికి డబ్బాల్లో పోసి తుక్కు కింద అమ్ముతారు. ఒక భాగం విప్పండి, బాగుచేయండి, బిగించండి, తర్వాత ఇంకో దాని దగ్గరికి వెళ్లండి. పని పూర్తయ్యేదాకా బండి తన నాలుగు చక్రాల మీద దొర్లేలా ఉండాలి. బాడీ దించక తప్పని పరిస్థితిలో కూడా ఛాసిస్ చక్రాల మీదే ఉండాలి.

బండి గురించి నాలుగు వివరాలు తెలిసుంటే స్పేర్లు కొనేటప్పుడు మోసపోరు. జిప్సీ 1985 డిసెంబర్‌లో ఎంజీ410గా వచ్చింది. 970 సీసీ ఇంజిన్, నాలుగు గేర్లు. 1993లో యాక్సిల్ వెడల్పు పెరిగి ఎంజీ410డబ్ల్యూ అయింది. 1996లో మీ కింగ్, అంటే ఎంజీ413డబ్ల్యూ, 1298 సీసీ జీ13బీఏ ఇంజిన్, ఐదు గేర్లు. ఎంపీఎఫ్ఐ 2000లో వచ్చింది. 1993కి ముందు బండి హౌసింగ్ (యాక్సిల్ షాఫ్టులు లోపల ఉండే ఇనుప గొట్టం) చవగ్గా దొరికిందని తెచ్చుకుంటే అది ఇరుకు ట్రాక్‌ది (ఎడమ కుడి చక్రాల మధ్య దూరం తక్కువ), లోపలి షాఫ్టుల పొడవు కూడా వేరు. ప్రపంచమంతా సమురాయ్ పేరుతో తిరిగిన ఎస్‌జే413 బండికి దీనికి చాలా భాగాలు కలుస్తాయి కాబట్టి ఆ బండి వర్క్‌షాప్ మాన్యువల్ మీకు బాగా పనికొస్తుంది. కాకపోతే వాటిలో ఎక్కువ భాగం 2030 మి.మీ. వీల్‌బేస్‌వి, జిప్సీది 2375 మి.మీ. వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ (వెనక యాక్సిల్‌కి శక్తిని తీసుకెళ్లే పొడుగు షాఫ్ట్) అక్కడే తేడా కొడుతుంది.

ఇప్పుడు పని. స్పానర్ పట్టేముందు బండికి పరీక్షలు చేయండి. పొగ కొడుతుందన్న మాట నమ్మి ఇంజిన్ దించకండి. ట్యాంకులో పాత పెట్రోలు మొత్తం తీసేయండి. ఇప్పుడొచ్చే పెట్రోల్లో ఇథనాల్ ఉంటుంది, అది గాలిలో తేమని పీల్చుకుంటుంది, నిలబడిన బండి ట్యాంకు అడుగున తుప్పు పట్టేది అందుకే. 1998 నాటి పెట్రోలు పైపుల రబ్బరు ఇథనాల్‌ని దృష్టిలో పెట్టుకుని చేసింది కాదు. పైపులన్నీ ఇథనాల్ తట్టుకునే రకంతో మార్చేయండి, ఇది ఆలోచించాల్సిన ఖర్చు కాదు.

స్పార్క్ ప్లగ్గులు నాలుగూ తీసి ఒక్కో సిలిండర్లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి రాత్రంతా వదిలేయండి. తెల్లారి క్రాంక్ పుల్లీ బోల్టుకి పానా వేసి చేత్తో తిప్పండి. ఎక్కడైనా పట్టేస్తే బలవంతం చేయొద్దు, ఇంకోసారి ఆయిల్ పోసి ఆగండి. మెత్తగా తిరిగితే కొత్త టైమింగ్ బెల్టు, టెన్షనర్ వేయండి. పాత బెల్టు పైకి బాగానే కనిపించినా ఇన్నేళ్లు ఒకే మడతలో ఉన్న రబ్బరుని నమ్మలేం. ఆ తర్వాత ప్లగ్గులు లేకుండానే సెల్ఫ్ కొట్టి ఆయిల్ లైటు ఆరేదాకా తిప్పండి. అప్పుడు స్టార్ట్ చేయండి.

నడిచి వేడెక్కాక కంప్రెషన్ (సిలిండర్లో పిస్టన్ నొక్కే గాలి ఒత్తిడి) గేజుతో చూడండి. ప్లగ్గులన్నీ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి, ఒక్కో సిలిండర్ రీడింగ్ రాసుకోండి. అంకె ఎంతొచ్చిందన్న దానికన్నా నాలుగింటి మధ్య తేడా ఎంతన్నది ముఖ్యం. సిలిండర్‌కీ సిలిండర్‌కీ 1 కిలో/చ.సెం.మీ. కన్నా ఎక్కువ తేడా ఉంటే లోపల ఏదో ఉంది. తక్కువ వచ్చిన సిలిండర్లో చెంచా ఆయిల్ పోసి మళ్లీ చూడండి. రీడింగ్ పెరిగితే రింగులు, బోరు. పెరగకపోతే వాల్వులు లేదా హెడ్ గ్యాస్కెట్. పొగ రంగు, అది వచ్చే వేళ కూడా గమనించండి. పొద్దున స్టార్ట్ చేయగానే గుప్పున నీలం పొగ వచ్చి ఆగిపోతే అది వాల్వ్ స్టెమ్ సీళ్ల పని, ఇంజిన్ దించకుండానే అయిపోతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఆగకుండా నీలం పొగ వస్తుంటేనే రింగుల మాట ఆలోచించాలి. నిలబడి ఉన్న బండికి రింగులు అతుక్కుపోయి ఉండొచ్చు. కొన్ని వందల కిలోమీటర్లు నడిపితే అవే వదులై పొగ తగ్గడం మామూలే. అందుకే ఇంజిన్‌ని చివరికి పెట్టమంటున్నాను.

అసలు పని ఛాసిస్ దగ్గర. జిప్సీ ప్రాణం ఆ పెట్టె ఆకారపు నిచ్చెన ఛాసిస్సే. అది లోపలి నుంచి తుప్పు తింటుంది. బండిని స్టాండ్ల మీద నిలబెట్టి (జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందకి దూరొద్దు, ఎంత చిన్న పనైనా సరే) చిన్న సుత్తితో పొడవునా కొట్టుకుంటూ వెళ్లండి. గట్టి రేకు ఖంగుమంటుంది, తిన్న రేకు మొద్దుగా పలుకుతుంది. అనుమానం వచ్చిన చోట స్క్రూడ్రైవర్‌తో పొడవండి. వెనక కమాన్ కట్టల షాకిల్ (కట్ట చివరని ఛాసిస్‌కి కలిపే ఊగే లింకు) బ్రాకెట్లు, బాడీ మౌంట్లు కూర్చునే చోట్లు, అడ్డ కమ్మీలు కలిసే మూలలు, ముందు చక్రాల వెనక బురద కొట్టే భాగం, వీటిని వదలకండి. కింద నల్లటి తారు పూత దట్టంగా ఉంటే సంతోషపడొద్దు. తుప్పు మీద వేసిన తారు నీళ్లని లోపలే బంధిస్తుంది. గీకి చూడాల్సిందే.

వంకర ఉందో లేదో తెలుసుకోడానికి పెద్ద మెషీన్లు అక్కర్లేదు. చదునైన గచ్చు, గుండు కట్టిన దారం, సుద్దముక్క చాలు. ముందు వెనక కమాన్ బ్రాకెట్ల బోల్టు మధ్యల నుంచి గుండు వదిలి నేల మీద గుర్తులు పెట్టండి. ఎదురెదురు మూలల మధ్య దూరాలు రెండూ టేపుతో కొలవండి. అవి కొద్ది మిల్లీమీటర్ల లోపు కలిస్తే ఛాసిస్ తిన్నగా ఉన్నట్టు. సెంటీమీటర్ల తేడా వస్తే బండి ఎక్కడో గట్టిగా గుద్దుకుంది. ఆ ఛాసిస్ మీద మీ డబ్బు, శ్రమ పోయకముందే ఇది తెలియాలి.

బాడీ దించాలా వద్దా అన్నది ఈ పరీక్ష తర్వాత తేల్చండి. మౌంట్ల చుట్టూ ఫ్లోర్ పోయినా, ఛాసిస్ పై అంచు తిన్నా దించాలి. లేకపోతే వద్దు. సాఫ్ట్ టాప్ బాడీ తేలికే, మనుషులు పట్టి ఎత్తెయ్యొచ్చు, ఆ సులువే ఆశ పెడుతుంది. కానీ పైన కప్పు లేదు కాబట్టి ఫ్లోర్ కోసిన మరుక్షణం బాడీ మధ్యలో కుంగుతుంది. కోయకముందే తలుపు ఖాళీల్లో అడ్డంగా, ఏటవాలుగా ఇనప గొట్టాలు టాక్ వెల్డు చేయండి. ఇది చేయని బండికి ఎంత అందంగా పెయింట్ వేసినా తలుపులు పడవు.

వెల్డింగ్ గురించి. ఫ్లోర్ రేకు మిల్లీమీటర్ అటూ ఇటూ మందం ఉంటుంది, ఆర్క్ రాడ్డుతో చేస్తే చిల్లులు పడతాయి. మిగ్ వెల్డింగ్ (గ్యాస్ రక్షణలో సన్న తీగతో చేసేది) వాడండి. ఒకేసారి పొడుగ్గా లాగకుండా ఇక్కడో చుక్క అక్కడో చుక్క పెట్టుకుంటూ రేకుని చల్లారనివ్వండి. ఛాసిస్ ప్యాచ్ వేసేటప్పుడు తిన్న రేకు మీద కొత్త రేకు కప్పకండి, మంచి ఇనుము తగిలేదాకా కోసి అప్పుడు అతకండి. బ్యాటరీ తీసేయాలి. ఎర్త్ క్లాంపు వెల్డు చేసే చోటికి దగ్గర్లోనే పెట్టాలి, లేకపోతే కరెంటు బేరింగుల గుండా పోతుంది. పెట్రోలు ట్యాంకు బండి వెనక ఫ్లోర్ కిందే ఉంటుంది, దాన్ని దించి వేరే చోట పెట్టాకే వెల్డింగ్ మొదలవ్వాలి. ఇంకోటి ఎవరూ చెప్పరు. క్లోరిన్ కలిసిన బ్రేక్ క్లీనర్ కొట్టిన చోట తడి ఆరకముందే ఆర్క్ పెడితే ఫాస్జీన్ పుడుతుంది. అది ఊపిరితిత్తులని దెబ్బతీసే విషవాయువు. వెల్డు చేసే చోటిని అసిటోన్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి.

పని అయ్యాక పెట్టె భాగాల లోపల నీళ్లు కొట్టి బురదంతా కడిగి, బాగా ఎండాక గొట్టంతో లోపలంతా మైనపు పూత కొట్టండి. కింద ఉండే నీళ్లు కారే రంధ్రాలని మాత్రం మూయకండి.

ఛాసిస్ నంబరు జాగ్రత్త. అది చెక్కిన చోట గ్రైండర్, వైర్ బ్రష్ వేయొద్దు, మందంగా పెయింట్ కొట్టొద్దు. మీ బండికి 15 ఏళ్లు ఎప్పుడో దాటాయి కాబట్టి ఆర్‌సీ రెన్యువల్‌కి వెళ్లినప్పుడు ఆ నంబరు పెన్సిల్ ప్రింట్ తీస్తారు. అంకెలు సరిగ్గా పడకపోతే మీరు చేసిన పనంతా కాగితాల దగ్గర ఆగిపోతుంది. రెన్యువల్ ఐదేళ్లకొకసారి ఉంటుంది. రంగు విషయంలో కూడా ఒకటి: చాలామంది జిప్సీకి మిలిటరీ ఆకుపచ్చ వేయాలని ముచ్చట పడతారు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వ రూలు ప్రకారం ఆలివ్ గ్రీన్ రక్షణ శాఖ వాహనాలకి మాత్రమే. సైన్యం వేలంలో కొన్న బండి అయినా సరే, మీ పేరు మీదకి వచ్చాక రంగు మార్చాల్సిందే.

ఇక స్టీరింగ్ వణుకు. దీనికి అందరూ మొదట చేసే పని కొత్త స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగ్ కుదుపుని అణిచే చిన్న షాక్ అబ్సార్బర్) వేయడం. వణుకు కొన్నాళ్లు తగ్గుతుంది, రోగం అలాగే ఉంటుంది. డ్యాంపర్ తీసేసి పరీక్ష చేయండి. టైర్ల బ్యాలెన్స్, వీల్ బేరింగులు, టై రాడ్ ఎండ్లు, కమాన్ కట్టల బుష్షులు వరసగా చూసుకుంటూ కింగ్ పిన్ (ముందు చక్రం పక్కకి తిరిగే ఇరుసు) దగ్గరికి రండి. పాత జిప్సీల్లో దొంగ అక్కడే దొరుకుతాడు.

ముందు హౌసింగ్ చివర ఉన్న గుండ్రటి భాగాన్ని తుడిచి చూడండి. అక్కడ పల్చటి నల్లని నూనె కారుతుంటే లోపలి యాక్సిల్ సీల్ పోయి, హౌసింగ్ ఆయిల్ నకిల్లోకి (చక్రంతో పాటు తిరిగే యాక్సిల్ చివరి భాగం) వచ్చి గ్రీజుని కరిగించేసిందన్న మాట. నకిల్ విప్పితే గ్రీజుకి బదులు బూడిదరంగు పులుసు కారుతుంది. అందులో కింగ్ పిన్ బేరింగులు ఏళ్ల తరబడి నానాయి. బేరింగ్ కప్పుని కడిగి వేలి గోరు పెట్టి లోపల తిప్పండి. రోలర్లు కూర్చున్న చోట వరసగా గీతలు పడి గోటికి టకటకా తగులుతాయి. స్టీరింగ్ నేరుగా ఉన్నప్పుడు రోలర్లు ఆ గుంటల్లో కూర్చుంటాయి, అందుకే తిన్నగా పోయేటప్పుడు వణుకు. కొత్త బేరింగులు కప్పులతో సహా వేయండి. నకిల్‌కీ కింగ్ పిన్‌కీ మధ్య ఉండే పల్చటి షిమ్ములు ఎక్కువైతే వదులు, తగ్గిస్తే బిగువు. సీల్ వేయకముందు, టై రాడ్ కూర్చునే రంధ్రానికి స్ప్రింగ్ తక్కెడ తగిలించి లాగి నకిల్ ఎంత బరువుకి కదులుతోందో చూసి, మాన్యువల్లో ఇచ్చిన అంకెకి తెచ్చుకోండి. చేతి అంచనాతో బిగించొద్దు. నకిల్ విప్పినప్పుడే సీవీ జాయింట్ (తిరిగిన ముందు చక్రానికి కూడా శక్తిని అందించే కీలు) కూడా కడిగి గుండ్లు, వాటి గాడులు చూడండి. ఫోర్ వీల్లో స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టక్కుటక్కుమంటే అది ఆ జాయింటే.

సీళ్లు మార్చాక వదిలేయకూడనిది బ్రీదర్. ముందు, వెనక హౌసింగ్‌ల మీద చిన్న గాలి గొట్టం ఉంటుంది. దానిలో మట్టి కూరుకుపోతే, నడిచి వేడెక్కిన హౌసింగ్ లోపల ఒత్తిడి పెరిగి ఎంత కొత్త సీలునైనా దాటి ఆయిల్ బయటికొస్తుంది. వెనక సీల్ ఏడాదికోసారి మారుస్తూ, బ్రేక్ లైనింగు ఆయిల్లో తడిసి పాడవుతూ ఉన్న బండ్లు, బ్రీదర్‌లోకి ఒక తీగ దూర్చి శుభ్రం చేయగానే బాగుపడడం చూశాను.

కమాన్ కట్టలు బిగించేటప్పుడు కన్ను బోల్టులు, షాకిల్ బోల్టులు వదులుగా పెట్టి, బండిని నేల మీదకి దించి బరువు పడ్డాకే పూర్తిగా బిగించండి. గాల్లో ఉన్నప్పుడు బిగిస్తే రబ్బరు బుష్ ఆ స్థితిలో పట్టుకుంటుంది, దించగానే మెలిపడి కొన్నాళ్లకే చిరిగిపోతుంది. ఎత్తు కోసం పొడుగు షాకిల్స్ వేయమని సలహాలు వస్తాయి. ముందు యాక్సిల్ వాలు మారి స్టీరింగ్ తనంతట తాను తిన్నగా రావడం మానేస్తుంది. ఇప్పుడు తగ్గించుకున్న వణుకుని మళ్లీ తెచ్చుకున్నట్టే. వద్దు.

బ్రేకుల్లో రబ్బరు అనేది ఏదీ పాతది మిగలకూడదు. వీల్ సిలిండర్లు, మాస్టర్ సిలిండర్, హోస్‌లు మార్చండి. ఇనుప పైపులు చేత్తో తడిమి గరుకుగా ఉంటే అవీ మార్చండి. ఆ రబ్బరుకి పెట్రోలు, ఇంజిన్ ఆయిల్ తగలనివ్వొద్దు, ఉబ్బిపోతాయి.

లివర్ జారే సంగతి. జిప్సీలో ట్రాన్స్‌ఫర్ కేస్ (శక్తిని ముందు, వెనక యాక్సిళ్లకి పంచే గేర్ల పెట్టె) గేర్‌బాక్స్‌కి అతికి ఉండదు. మధ్యలో చిన్న షాఫ్ట్ ఉండి, అది విడిగా రబ్బరు మౌంట్ల మీద వేలాడుతుంది. ఆ రబ్బరు చచ్చిపోతే లోడు పడ్డప్పుడు కేస్ మొత్తం మెలి తిరుగుతుంది, లివర్ జారుతుంది, ఒక వేగంలో గుయ్యిమని మోత వస్తుంది. కాబట్టి లోపల చూసే ముందు మౌంట్లు కొత్తవి వేసి చూడండి. అప్పటికీ జారితే షిఫ్ట్ రాడ్డుని పట్టి ఉంచే చిన్న గుండు, దాని వెనక స్ప్రింగ్ చూడండి. స్ప్రింగ్ కుంగి ఉంటుంది, రాడ్డు మీద గుండు కూర్చునే గాడి అంచు అరిగి గుండ్రంగా అయి ఉంటుంది. వీటి తర్వాత షిఫ్ట్ ఫోర్కు, గేర్ల పళ్ల అంచులు. ఎక్కువసార్లు మౌంట్లు, స్ప్రింగులతోనే సరిపోతుంది. ప్రొపెల్లర్ షాఫ్టులు తీసేముందు రెండు ముక్కలు కలిసే చోట పంచ్‌తో గుర్తు పెట్టండి. రెండు చివరల యోకులు ఒకే వరసలో లేకపోతే కొత్త క్రాసులు (యోకుల మధ్య ఉండే ప్లస్ ఆకారపు కీళ్లు) వేసినా వైబ్రేషన్ పోదు.

ఈ బండికి మధ్యలో డిఫరెన్షియల్ లేదు. బాగయ్యాక ఆ ఆనందంలో పొడి తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేసి మలుపులు తిప్పకండి. ముందు వెనక చక్రాలు వేర్వేరు దూరం తిరగాలి, ఆ తేడా పోయే దారి లేక గేర్లు, జాయింట్లు బిగుసుకుంటాయి. నాలుగు టైర్లూ ఒకే సైజు, ఒకేలా అరిగినవి ఉండాలనేది కూడా ఇందుకే.

ఇప్పుడు ఇంజిన్. కంప్రెషన్ పరీక్షలో నిజంగా రింగులని తేలితేనే దించండి. జీ13బీఏ బ్లాకు అల్యూమినియం, లోపల ఇనుప లైనర్లు, బోరు 74 మి.మీ. ఒకసారి వేడెక్కి ఆగిన బండైతే హెడ్ వంగి ఉంటుంది. స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి ఫీలర్ గేజ్ దూర్చి చూడండి, 0.05 మి.మీ. కన్నా ఎక్కువ దూరితే ఫేసింగ్ (మెషీన్ మీద చదును) చేయించాలి. బోరు పైన, మధ్యలో, కింద, రెండు దిక్కులా కొలవాలి. ఓవర్‌సైజ్ పిస్టన్లు 0.25, 0.50 లో వస్తాయి. ముందు పిస్టన్లు కొనండి, వాటిని చేతిలో పెట్టి లేత్ అతనికి ఇచ్చి, వాటి కొలతకి బోరింగ్ చేయించండి. ముందు బోరు కొట్టించి తర్వాత పిస్టన్లు వెతకడం తలకిందుల పని. క్రాంక్ గ్రైండింగ్ చేయిస్తే దాని ఆయిల్ రంధ్రాలన్నీ బ్రష్ పెట్టి మీరే కడగండి, గ్రైండింగ్ పొడి ఒక్క చిటికెడు మిగిలినా కొత్త బేరింగులు పోతాయి. ఇంజిన్ కింద ఉన్నప్పుడే క్లచ్ ప్లేట్, రిలీజ్ బేరింగ్, పైలట్ బేరింగ్, వెనక ఆయిల్ సీల్ మార్చేయండి. రేడియేటర్లో ఉత్త నీళ్లు పోయకండి. అల్యూమినియంని లోపల తినేస్తాయి, కూలెంటే వాడాలి.

ఎంపీఎఫ్ఐ మార్పు నేను వద్దంటాను. ఇంజినొక్కటే మారితే సరిపోదు. వైరింగ్, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటరు), ట్యాంకులో పంపు, రిటర్న్ లైను అన్నీ రావాలి. కాగితాల పరంగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ (బండిలో మార్పుల గురించినది) అడ్డొస్తుంది, ఆర్‌సీలో ఇంజిన్ నంబరు మార్పించుకోవాలి. శుభ్రం చేసిన కార్బురేటర్, సరైన ఫ్లోట్ లెవెల్, గాలి దొంగిలించని వాక్యూమ్ పైపులు ఉంటే టన్ను లోపు బరువున్న ఈ బండికి ఆ 1298 సీసీ హాయిగా సరిపోతుంది.

వైరింగ్‌లో తీగలకంటే ముందు ఎర్త్ చూడండి. బ్యాటరీ నుంచి ఛాసిస్‌కి, ఛాసిస్ నుంచి ఇంజిన్‌కి, బాడీకి ఉన్న ఎర్త్ పట్టీలు విప్పి, ఇనుము మెరిసేదాకా గీకి బిగించండి. లైట్లు మసకగా వెలగడం, సెల్ఫ్ బద్ధకంగా తిరగడం సగం ఇక్కడే పోతాయి. పెయింట్ అన్నిటికంటే చివర, బండి కొన్నాళ్లు తిరిగి ఎక్కడా ఏదీ కారడం లేదని తేలాకే.

రోడ్డెక్కాక మొదటి కొన్ని వందల కిలోమీటర్లలోపే యూ బోల్టులు, ప్రొపెల్లర్ షాఫ్ట్ బోల్టులు, వీల్ నట్లు మళ్లీ బిగించండి. కొత్త కమాన్ పట్టీలు సర్దుకుని యూ బోల్టులు తప్పకుండా వదులవుతాయి. ఆగిన ప్రతిసారీ నాలుగు హబ్బులనీ చేతి వెనకవైపుతో తాకండి. ఒకటి మిగతావాటికన్నా వేడిగా ఉంటే బేరింగ్ బిగువైనా ఎక్కువై ఉండాలి, బ్రేకైనా పట్టేసి ఉండాలి. కంప్రెషన్ రీడింగులు నాలుగూ, ఛాసిస్ కొలతలు రెండూ తీసుకున్నాక ఇక్కడ పెట్టండి. ఇంజిన్ దించాలా వద్దా అన్నది ఆ అంకెలు చూసి చెబుతాను.